నడిమి పైపు ముల్లు

పొద్దున్నే మొగుడు ఎర్రప్ప బోరు దగ్గరికి పోతే తిరుపాలమ్మ పొయ్యి వెలిగించేది. ఆయన చనిపోయినప్పటి నుంచి వాల్వులు తిప్పే పానా పట్టుకుని ఆమే పోతోంది. పొయ్యి ఎప్పటికో వెలుగుతోంది.

చిలమత్తూరు పక్క ఆ పల్లెలో నాలుగు కుటుంబాలకు ఒకటే బోరు. నాలుగు చేలల్లో నాలుగు తొట్లు, వాటిని చుట్టూ కలుపుతూ నాలుగు పైపులు, అడ్డంగా నడిమి పైపు ఒకటి. నీళ్లు తక్కువ కాబట్టి ఏ రోజైనా మూడు పైపులే తెరవాలి. ఆ మూడింటితోనే తొట్లన్నీ తడవాలి. ఎలా తెరిచినా ఎవరో ఒకరు చివర పడతారు, వాళ్లకు సన్నధారే. అందుకని కుదిరే ప్రతి తీరూ ఒకసారి రావాలి, ఏదీ మళ్లీ రాకుండా మొదటిదానికి చేరాలి. చుట్టు అంటే అదీ. రోజుకు ఒకటి మూసి ఒకటే తెరవాలి. అంతకు మించి తిప్పితే పక్షపాతమంటారు.

ఆ వరుస ఎర్రప్పతోనే పోయింది. తిరుపాలమ్మ తోచినట్టు తిప్పుతూ, ఒకనాడు నడిమిది తెరిచి మూయకూడనిది మూసింది. నీళ్లు మూడు తొట్ల మధ్యే తిరిగాయి. నల్లమ్మ తొట్టి ఎండింది.

"ఏమక్కా, నా టమాటాలు నీకేం ద్రోహం చేసినాయి?" అంది నల్లమ్మ.

"వదినకేం తెలుసు పాపం," అన్నాడు ఇంకో చేని తిప్పయ్య. "అమాస లోపల చుట్టు సరిగా తిరగకపోతే ఎవురి బోరు వాళ్లు ఏసుకుందాం."

ఇంకో బోరు పడితే ఉన్నదీ ఎండుతుందని అందరికీ తెలుసు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, వేలిలో దిగిన ముల్లును పిన్నీసుతో కెలికింది. నడిమి వాల్వు కంపచెట్ల మధ్య గుంటలో ఉంటుంది, తిప్పినప్పుడల్లా ఒక ముల్లు తప్పదు. ఎర్రప్ప వేలి ముల్లు తీసేదీ ఆమే. "రెండు ముళ్లకు ఒక చుట్టు అయిపోతాదే, ఆనక నీకు సెలవు," అని నవ్వేవాడు.

పిన్నీసు ఆగింది. చుట్టు మొత్తానికి రెండే ముళ్లు. అంటే నడిమిది ఒకసారి తెరిచి, ఒకసారి మూసేవాడు.

వంటింట్లో నాలుగు గ్లాసులు పెట్టి, చీపురు పుల్లలు తుంచి మధ్య పేర్చింది. నడిమి పుల్ల లేకుండా కుదిరేవన్నీ ముందు, ఉంచి కుదిరేవన్నీ తర్వాత. ఒక్కో పుల్లే మారుస్తూ పోయింది. చివరి పుల్ల మార్చగానే మొదట పేర్చినదే ఎదురైంది.

అమాస ముందురోజు చుట్టు పూర్తయింది. నాలుగు తొట్లూ తడిశాయి.

"ఇంక బోరు మాట ఎత్తనులే వదినా," అన్నాడు తిప్పయ్య.

"కొడవలి తెచ్చినావు కదక్కా, ఆ కంప కొట్టేసి పోరాదా? చేతులంతా గీరుకుంటాండావు," అంది నల్లమ్మ.

తిరుపాలమ్మ కంప వంక చూసింది.

"ఉండనీలే, చుట్టుకు రెండు ముళ్లే కదా," అని, కొడవలి చంకన పెట్టుకుని పొయ్యి వెలిగించడానికి ఇంటిదారి పట్టింది.