మార్టిన్ కుట్టిన ఆరడుగుల బట్ట

2023 నవంబరు. ఐర్లండ్ పడమటి వైపు మేయో కౌంటీలో కాజిల్‌బార్ అనే ఊరు. అక్కడి ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నర్సుగా నాకది ఆరో ఏడు. మా ఆయన రవి ఉద్యోగం డబ్లిన్ పక్కన చెర్రీవుడ్‌లో. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరం రైలెక్కేవాళ్ళం, ఆదివారం తిరిగొచ్చేవాళ్ళం. మాది నరసాపురం. నేను చెప్పబోయే ఇద్దరి అనుమతీ తీసుకున్నాను, పేర్లు మాత్రం మార్చాను.

మార్టిన్‌కు డెబ్బై ఏళ్ళు, వడ్రంగి పని చేసి విరమించుకున్న మనిషి. పెద్దపేగులో గడ్డ ఉందని సోమవారం చేర్చుకున్నాం, ఆపరేషన్ శుక్రవారం. నొప్పి ఎలా ఉందన్నా, నిద్ర పట్టిందా అన్నా ఆయన జవాబు ఒకటే: "గ్రాండ్." ఐర్లండ్‌లో ఆ మాటకు బాగానే ఉందని అర్థం. ఇక నన్నొదిలెయ్ అని కూడా అర్థం.

ఆయనకున్న మనిషల్లా అక్క బ్రీడీ. రోజూ రెండింటికి వచ్చేది. ఉతికిన పైజమా, ఆనాటి పేపరూ మంచం మీద పెట్టి, కోటు కూడా విప్పకుండా ఇరవై నిమిషాలు కూర్చునేది. వాన గురించి నాలుగు మాటలు, పక్కింటివాళ్ళ కుక్క గురించి రెండు మాటలు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నేను చూడలేదు. "మా నాన్న అంత్యక్రియలకు రాలేదు వీడు. అమెరికాలో ఉన్నాడు, రాలేదంతే," అని మొదటిరోజే నాతో అంది, నేనేమీ అడగకుండానే.

మంగళవారం ఆయనకు రక్తం ఎక్కించాం. మొదలుపెట్టిన పదిహేను నిమిషాలు నర్సు మంచం పక్కనుంచి కదలకూడదు. రక్తం పడకపోతే ఆ లక్షణాలు చాలావరకు అప్పుడే బయటపడతాయి. నేను కూర్చుని ఆయన ఫారం పూర్తి చేస్తున్నాను. అందులో 'నెక్స్ట్ ఆఫ్ కిన్' అని ఒక గడి ఉంటుంది. ఏదైనా జరిగితే మేం మొట్టమొదట ఫోన్ చేయాల్సిన దగ్గరి మనిషి పేరు అక్కడ రాస్తాం.

"బ్రీడీ," అన్నాడు. తర్వాత, "ఒకప్పుడు ఆ గడిలో నా పేరుండాల్సింది. రాయనివ్వలేదు," అన్నాడు.

"ఎవరి ఫారంలో?"

"డానీ ఫారంలో."

పదిహేను నిమిషాల్లో ఎంత చెప్పగలడో అంతా చెప్పాడు. ఎనభైల్లో ఐర్లండ్‌లో పనుల్లేక కుర్రాళ్ళంతా న్యూయార్క్ పోయేవాళ్ళు. టూరిస్టు వీసా మీద దిగడం, గడువు దాటినా ఉండిపోవడం. మార్టిన్ కూడా అలాగే వెళ్ళి, ఆ ఊళ్ళోనే క్వీన్స్ అనే పేటలో ఇళ్ళకు చెక్కపని చేసేవాడు. డానీ సిటీ బస్సు డ్రైవరు, ఒహాయో నుంచి వచ్చినవాడు. స్టాపుల పేర్లు పాట కట్టి పాడేవాడు. పొద్దున్నే పనికి పోయే జనం ఆ పాట కోసం ముందు బస్సు వదిలేసి అతని బస్సు కోసం నిలబడేవాళ్ళట. ఇద్దరూ ఒకే ఇంట్లో నాలుగేళ్ళు కాపురం చేశారు. తర్వాత డానీకి ఎయిడ్స్ వచ్చింది.

"ఆ రోజుల్లో ఆ జబ్బు పేరెత్తడానికి ప్రభుత్వంలో పెద్దలకు నోరు రాలేదు," అన్నాడు మార్టిన్. "జనం వీధుల్లో పడుకుని అరిచారు. నేను వెళ్ళలేదు. పోలీసులు పట్టుకుంటే నాకు కాగితాల్లేవు, విమానం ఎక్కించేసేవాళ్ళు. అప్పుడు డానీకి అన్నం ఎవరు పెడతారు?"

చివరి నెలల్లో ఆసుపత్రి బల్ల దగ్గర రోజూ అదే ప్రశ్న: మీరు బంధువా? ఒక నర్సమ్మ మాత్రం, "నేను కాఫీకి వెళ్తున్నా, పది నిమిషాలు నాకేమీ కనబడదు," అని తలుపు తీసి పెట్టేదట. డానీ పోయాక తల్లిదండ్రులు వచ్చి శవాన్ని తీసుకెళ్ళారు. ఏ ఊళ్ళో పూడ్చారో ఇతనికి చెప్పలేదు.

ఆ కాలంలో అలా పోయినవాళ్ళ కోసం మిగిలినవాళ్ళు తలో గుడ్డా కుట్టి, అన్నీ కలిపి ఒక మహా బొంతగా చేశారు. ఒక్కో గుడ్డ ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. సమాధి కొలత. మార్టిన్ కూడా ఒకటి కుట్టాడు. రాజధానిలో అధ్యక్షుడి భవనం ముందు పచ్చిక మీద దాన్ని పరిచిన రోజు వెళ్ళి నిలబడి, మైకులో డానీ పేరు చదువుతుంటే విన్నాడు. మరుసటి ఏడు ఐర్లండ్ తిరిగొచ్చేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"డానీ సమాధి అంటే నాకు అదే. శుక్రవారం లోపు ఒక్కసారి చూస్తే బాగుండును," అని, ఎక్కువ మాట్లాడానన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. రక్తం సాఫీగా ఎక్కుతోంది. నేను లేచి పక్క మంచం దగ్గరికి వెళ్ళాను.

ఆ బొంత ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉంటాయని తర్వాత తెలిసింది. బుధవారం భోజనం వేళ నా టాబ్లెట్‌లో డానీ అని కొడితే వచ్చినవాటికి అంతు లేదు. గుడ్డ మీద ఇంటిపేరు మార్టిన్ వేయలేదు, డానీ తల్లిదండ్రులు గొడవ చేస్తారని. రవికి ఫోన్ చేశాను.

"పేరుతో సెర్చ్ చేస్తే ఎలా దొరుకుతుంది సుజా? ఆ క్లాత్ మీద ఇంకేం రాశాడో అడుగు. బొమ్మలేమైనా ఉన్నాయేమో," అన్నాడు.

అడిగాను. నీలం గుడ్డ, తెల్ల బస్సు, 'లాస్ట్ స్టాప్' అని రెండు మాటలు, చుట్టూ లేసు. గురువారం మధ్యాహ్నం వరుసగా బొమ్మలు జరుపుతుంటే లేసు దగ్గర నా వేలు ఆగింది. మా నరసాపురంలో లేసు అల్లని ఇల్లుండదు. క్రోషే సూదితో చేత్తో అల్లిన అంచు ఎంత చిన్న ఫొటోలోనైనా నాకు తెలుస్తుంది. పెద్దది చేసి చూశాను. బస్సు ఉంది. డానీ పేరూ ఉంది.

మంచం దగ్గరికి తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. మార్టిన్ టాబ్లెట్ అద్దం మీద వేలు పెట్టి, బస్సు చక్రాల మీదుగా మెల్లగా జరిపాడు. రెండైందన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం. తలెత్తేసరికి బ్రీడీ పైజమా పట్టుకుని వెనకే నిలబడి ఉంది.

"అది నా లేసు," అంది.

మార్టిన్ టాబ్లెట్ బోర్లించబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక చలికాలమంతా కూర్చుని అల్లాను. క్రిస్మస్‌కి పంపాను. అందిందని ఒక్క ముక్క రాశావా?"

"రాస్తే దేనికి వాడానో చెప్పాలి కదా బ్రీడీ."

"ఎవరీ డానీ?"

"నా మనిషి," అన్నాడు మార్టిన్. "నాన్న చనిపోయిన వారం తను ఆసుపత్రిలో ఉన్నాడు. నేనొస్తే నన్ను మళ్ళీ ఆ దేశంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. నాన్న పోయాడు, తను ఇంకా బతికున్నాడు. నేనేం చెయ్యను?"

బ్రీడీ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. టాబ్లెట్‌కు దగ్గరగా వంగి చాలాసేపు చూసింది.

"ఈ మూల చూడు, ఎంత బిగించి లాగావో. లేసుని అలా కుట్టకూడదని అమ్మ ఎన్నిసార్లు చెప్పింది?"

మార్టిన్ నవ్వబోయి ఏడ్చాడు. ఆవిడ కోటు విప్పి కుర్చీ వీపున వేసి, కుర్చీని మంచానికి ఆనించి లాక్కుంది. "సరే, చెప్పు. ఎలాంటివాడు?"

నేను మంచం చుట్టూ తెర లాగేసి వచ్చేశాను. ఐదింటిదాకా ఆ తెర వెనక మాటలు వినపడుతూనే ఉన్నాయి. ఒకసారి పాట కూడా. స్టాపుల పేర్లనుకుంటాను.

ఆపరేషన్ బాగా జరిగింది. పదో రోజున డిశ్చార్జి. మందులు వివరిస్తూ, కోలుకున్నాక అమెరికా వెళ్ళి ఆ బొంతను కళ్ళారా చూస్తారా అని అడిగాను.

"నేను వెళ్ళాలనుకునే న్యూయార్క్‌కి విమానాలు లేవమ్మా," అన్నాడు. "అందులో డానీ బస్సు వస్తూ ఉంటుంది. నేను చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉంటాను." కిటికీ బయట వాన పడుతోంది, ఆయన చూపు ఆ వానలో లేదు.

ఆయన చెప్పులు తొడుక్కుంటుంటే బ్రీడీ నన్ను వరండాలోకి పిలిచింది. "ముప్ఫై ఐదేళ్ళు వాడి మీద కోపం పెట్టుకున్నాను. ఎందుకు రాలేదురా అని ఒక్కనాడు అడగలేదు. జవాబు నాకు తెలుసనుకున్నాను," అంది.

షిఫ్టు మారేటప్పుడు వచ్చే నర్సుకు ఒక్కో రోగి సంగతీ అప్పజెప్తాం, దాన్ని హ్యాండోవర్ అంటాం. ఎవరూ చూడటానికి రాని రోగి పేరు ఎదురుగా "కుటుంబం పట్టించుకోవడం లేదు" అని రాయడం మాలో మామూలే, నేనూ చాలా ఏళ్ళు రాశాను. ఇప్పుడు "ఈ రోజు ఎవరూ రాలేదు" అని మాత్రమే రాస్తున్నాను. నాకు తెలిసింది అంతవరకే.