కుడికి వెళ్ళాలంటే ఎడమకు

సైకిలు తొక్కేవాళ్ళకు సైకిలు గురించి ఏమీ తెలియదు. ఈ మాట పందొమ్మిదివందల అరవైల్లో అన్నాను, నవ్వారు. ఇప్పటికీ అదే అంటున్నాను.

విస్సన్నపేటలో గ్రామసేవికగా చేరిన మొదటి వేసవిలో ఎండకన్నా ఎదురుచూపే నన్ను ఎక్కువ ఏడిపించింది. చాట్రాయి వైపు మామిడితోటల్లో పనిచేసే ఆడవాళ్ళకు పిల్లల తిండి గురించీ, నీళ్ళు కాచుకోవడం గురించీ చెప్పడం నా ఉద్యోగం. మధ్యాహ్నం అన్నం మూటలు విప్పే వేళకు చేరితేనే వాళ్ళు నా మాట వింటారు. బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలియదు. ఎడ్లబండి ఎక్కితే, నేను చేరేసరికి వాళ్ళు మళ్ళీ కాయలు గడ్డిలో పేర్చే హడావిడిలో పడిపోయేవారు. నిలవలేక, కూర్చోలేక రోడ్డు మీద అటూ ఇటూ తిరిగేదాన్ని.

ఆఫీసు షెడ్డులో ఆడవాళ్ళ సైకిలు ఒకటి ఉండేది. నాలాంటివాళ్ళ కోసమే వచ్చింది. దానిమీద బంట్రోతు మా అధికారి ఇంటికి కూరగాయలు మోసేవాడు. నాతోపాటు చేరిన మగవాళ్ళకు అడగకుండానే సైకిళ్ళిచ్చారు. వాళ్ళలో ఒకడికి ముందు బ్రేకేదో వెనక బ్రేకేదో తెలియదు. నేనడిగితే మాత్రం అధికారి పరీక్ష పెడతానన్నాడు. ఆయన ఎదుట తొక్కి చూపిస్తే సైకిలు. లేకపోతే ఊళ్ళు తిరిగే పని మాన్పించి, ఆఫీసులో కుర్చీ వేసి కాగితాలు కట్టలు కట్టిస్తారట. ఆ కుర్చీ తలచుకుంటేనే నా కాళ్ళు లాగేవి.

ఆదివారాలు బంట్రోతును బతిమాలి, ఆ సైకిలు ఆఫీసు వెనక తోటలోకి తీసుకెళ్ళేదాన్ని. కూలీల ముఠాలోని ఆడవాళ్ళు వెనక సీటు పట్టుకునేవారు. ఎటు వెళ్ళాలంటే అటు హ్యాండిలు తిప్పమని తొక్కడం వచ్చిన ప్రతివాడూ చెప్పాడు. అలాగే చేశాను. కుడికి తిప్పి ఎడమకు పడ్డాను. ఎడమకు తిప్పి కుడికి పడ్డాను. ముఠాకు పెద్దగా ఉండే ముసలావిడ నన్ను లేపుతూ, "చెట్లు కదలవండీ అమ్మగారూ, మీరే పక్కకి తప్పుకోవాలి" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఒక ఆదివారం మోచేయి తుడుచుకుంటూ దారి పక్కన కూర్చున్నాను. రెండు వైపులా కాయల గంపలు కట్టిన సైకిళ్ళు అప్పుడే తోటలోంచి వెళ్ళాయి. మెత్తటి దుమ్ములో చక్రాల జాడలు తేటగా కనబడుతున్నాయి. పెద్ద చెట్టు దగ్గర అవన్నీ కుడికి మళ్ళాయి. కానీ మళ్ళబోయే ముందు ప్రతి జాడా కాస్త ఎడమకు వంగింది. లేచి వెళ్ళి దగ్గర్నుంచి చూశాను. తొక్కేవాడు ముందు హ్యాండిలును ఆవగింజంత ఎడమకు నెడుతున్నాడు. దాంతో బండి కుడికి ఒరుగుతోంది. ఆ తర్వాతే కుడికి తిరుగుతోంది. వాళ్ళు చేసేదొకటి, నాకు చెప్పింది మరొకటి. అన్ని దెబ్బలు తిన్నది నేను.

ఆ సాయంత్రమే పడకుండా చెట్ల మధ్య సైకిలు మీద తిరిగాను. అప్పట్నుంచి సైకిలు వింతలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. గట్టిగా నెట్టి వదిలేస్తే మనిషి లేకుండానే కొంతదూరం పడకుండా పోతుంది. మెల్లగా తొక్కడం వేగంగా తొక్కడంకన్నా కష్టం. కుడి పెడలు మర అన్ని మరల్లాగే కుడికి బిగుస్తుంది, ఎడమ పెడలు మర మాత్రం ఎడమకు బిగుస్తుంది. ఈ సంగతి చెబితే బంట్రోతు వినలేదు. బిగిస్తున్నానంటూ కుడికి తిప్పి తిప్పి దాన్ని ఊడదీశాడు. అన్నిటికన్నా, అది కదులుతున్నంతసేపే నిలబడే వస్తువు. నాకు అది నచ్చడానికి ఆ ఒక్క గుణం చాలు.

పరీక్ష కూడా ఆ తోటలోనే పెట్టారు. ఆఫీసంతా వచ్చింది. కూలీలు కాయలు ఏరుతూ చూస్తున్నారు. పెద్ద చెట్టు చుట్టూ కుడివైపుగా తిరిగి రమ్మన్నాడు అధికారి. తిరిగి వచ్చి దిగాను. ఇంత త్వరగా ఎలా వచ్చిందని అడిగాడు. చక్రాల జాడ సంగతి చెప్పాను.

"నువ్వు పుట్టకముందు నుంచీ తొక్కుతున్నానమ్మా," అని ఆయన మగవాళ్ళ వైపు తిరిగాడు. "కుడికి పోవాలంటే ఎడమకు తిప్పాలటయ్యా."

"ఆడవాళ్ళ సైకిలు కదండీ, అలాగే ఉంటుంది," అన్నాడు బ్రేకుల సంగతి తెలియనివాడు. అందరూ నవ్వారు.

"అయితే ఎడమకు ఆవగింజంత కూడా కదపకుండా మీరు తిరిగి చూపించండి సార్," అన్నాను.

ఆయన ఎక్కాడు. మామూలుగా తొక్కితే ఒళ్ళే ఆ పని చూసుకునేది. ఆయన మాత్రం నా మాట తప్పని చూపించాలని, చేతులు బిగించి, హ్యాండిలు వైపే చూస్తూ వచ్చి, చెట్టు దగ్గర దాన్ని ఠక్కున కుడికి తిప్పాడు. ఎడమకు పడ్డాడు. ఎండుగడ్డి మీద పడ్డాడు గనుక దెబ్బ తగల్లేదు గానీ, ముందు చక్రం చెట్టుకు కొట్టుకుని వంకరపోయింది. కూలీ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ప్యాంటు దులుపుకుని, సైకిలు బాగాలేదనీ, రిపేరుకు పంపాలనీ, అది వచ్చాక మళ్ళీ పరీక్ష పెడదామనీ అన్నాడు.

"పడింది మీరు సార్. నేను తిరిగానా లేదా, అది చెప్పండి."

ఆయన చెట్ల వైపు చూశాడు. "తర్వాత చూద్దామన్నాను కదమ్మా."

ఆయన తర్వాతలు నాకు తెలుసు. సైకిలు లేపి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి హ్యాండిలు సరిచేశాను. సంచి క్యారియర్‌కు కట్టి చాట్రాయి రోడ్డెక్కాను. వెనకనుంచి ఎవరో పిలిచారు. చక్రం తిరిగినప్పుడల్లా బ్రేకు రబ్బరుకు రాసుకుని కీచుమంటోంది, ఏమన్నారో వినబడలేదు. వినడానికి ఆగలేదు కూడా.

నేను చేరేసరికి తోటలో అన్నం మూటలు అప్పుడే విప్పుతున్నారు. చెప్పాలనుకున్నదంతా చెప్పాను.

ఆ సైకిలు నాకు ఇచ్చినట్టు ఏ కాగితమూ పుట్టలేదు. ఇవ్వలేదు గనుక తిరిగి అడగడానికీ ఎవరికీ వీల్లేకపోయింది. ఆ చక్రం నేనే బాగు చేయించుకున్నాను. బదిలీ అయి వెళ్ళిపోయే రోజున కూడా ఆయన నేను తిరిగానని ఒప్పుకోలేదు.