పంపు కింద పటిక ముక్క

ఫైరింజన్లను అస్తమానం కడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ బళ్లు బాగుచేసే మెకానిక్‌ని నేను. విజయనగరంలో బయల్దేరి ఒకరోజు శృంగవరపుకోట వైపు, ఇంకోరోజు చీపురుపల్లి వైపు తిరుగుతుంటాను. ఎక్కడికెళ్లినా ఒకటే వరస. మంటలు లేని రోజున సిబ్బందికి చేతులు ఊరుకోవు. గొట్టం పెట్టి బండిని పెళ్లికూతురిలా కడిగేస్తారు. ఆ నీళ్లు వైర్లలోకి దూరతాయి, సైరన్ మూగబోతుంది, నాకు ఫోనొస్తుంది. "మెరవకపోతే పోనివ్వండి, మోగితే చాలు నాయనా" అని మొత్తుకుంటూనే ఉంటాను. ఎవరూ వినరు.

అయినా ఈ పనంటే నాకు ఇష్టం. ఇదివరకు లారీల షెడ్డులో చేసేవాడిని. అక్కడ బండి బాగుపడితే సరుకు కదిలేది, అంతే. ఇక్కడ నేను బిగించిన నట్టు ఎక్కడో ఒక ఇంటిని నిలబెడుతుంది. ఆ మాట తలుచుకుంటే అన్నం రుచిగా ఉంటుంది.

చీపురుపల్లి దాటాక ఒక చిన్న స్టేషన్ ఉంది. అక్కడి బండి బాగా పాతది. దాని డ్రైవరు నాకంటే పెద్దవాడు, మాకు చుట్టరికం ఏమీ లేదు, అయినా 'బావా' అంటే 'బావా' అనుకుంటాం. ఆ ఏడు దసరా ముందు పైనుంచి కబురొచ్చింది. పండగ వెళ్లగానే ఆఫీసరు గారు వచ్చి పంపు పరీక్ష చేస్తారు. పక్కనే పారే గెడ్డలోంచి నీళ్లు పైకి లాగితే బండి ఉంటుంది, లాగకపోతే తుక్కుకి పోతుంది. దాని బదులు కొత్తది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా ఆ చుట్టుపక్కల ఎక్కడ అంటుకున్నా దూరపు స్టేషన్ నుంచి బండి రావాలి.

డ్రైవరు బెంగంతా దాని గురించే. అతని చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో తాటాకిళ్ల వరస ఒకటి తగలబడిపోయిందట. ఫైరింజన్ వచ్చేసరికి బూడిద మాత్రమే మిగిలిందట.

"ఇల్లు కాలితే తాటాకులు మల్లీ దొరికినాయి బావా. గాదెలో ఇత్తనాలు కాలిపోనాయి, అయ్యి దొరకనేదు. ఆ ఏడు మా పొలం బీడే. మా అయ్య గట్టు మీద కూకుని ఉత్తి మట్టిని సూసేవోడు" అని ఎన్నిసార్లు చెప్పాడో. మంటల కథ చెప్పేటప్పుడు అతనికి ఇల్లు ముఖ్యం కాదు, విత్తనాలే.

ఆయుధపూజ మర్నాడు నేను వెళ్లాను. బండి మెరిసిపోతోంది. అద్దం నిండా పసుపు బొట్లు, ముందు అరటి పిలకలు, చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు, వాకిలంతా కడిగిన తడి. నేను పళ్లు కొరుక్కుని పంపు దగ్గరికి పోయాను.

చెరువులోంచో గెడ్డలోంచో నీళ్లు లాగాలంటే ముందు పంపులో గాలంతా తీసేయాలి. గాలి పోతేనే నీరు పైపు వెంట పైకెక్కుతుంది. ఎక్కడైనా వెంట్రుకంత సందు ఉన్నా గాలి మళ్లీ జొరబడుతుంది, నీరు రాదు. అందుకని మూతులన్నీ బిగించి, గాలి లాగించి, గేజీలో ముల్లు నిలబడుతుందా లేదా అని చూస్తాం. ఆ రోజు ముల్లు ఎక్కినట్టే ఎక్కి, మెల్లగా జారిపోయింది.

డ్రైవరు మొహం మాడిపోయింది. "మొన్నటిదాకా బాగానే ఉన్నాది కదా! ఇదేటి బావా ఇలగ సేస్తన్నాది?"

"అడుగున నీళ్లు వదిలే కాక్ మూసే ఉందా?" అని అడిగాను. అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

"మూసే ఉన్నాది. నిన్న నానే బండి కిందకి దూరి సూసేను" అన్నాడు. అతను సూసేనంటే చూసినట్టే. నేను నమ్మేశాను.

మూతి దగ్గర వాషర్ మార్చాను. ముల్లు జారింది. షాఫ్టు దగ్గర ప్యాకింగ్ బిగించాను. జారింది. వాల్వులు విప్పి తుడిచి మళ్లీ వేశాను. అదే జారుడు. మధ్యాహ్నం భోజనానికి లేవమంటే ఎవరూ లేవలేదు. తెల్లారితే ఆఫీసరు గారు వస్తారు. డ్రైవరు కాసేపు తిరుగుతున్నాడు, కాసేపు కూర్చుంటున్నాడు. నాకు అతని మీద జాలి, నా మీద నాకు కోపం.

అప్పుడు లారీల షెడ్డులోని నా పాత మేస్త్రి గుర్తొచ్చాడు. ఇంజన్‌లోకి గాలి ఎక్కడ దూరుతోందో తెలియకపోతే బీడీ ముట్టించి, పొగ ఎటు లాక్కుపోతుందో చూసేవాడు. నాకు బీడీ అలవాటు లేదు. బండి ముందు పూజలో మిగిలిన అగరొత్తుల కట్ట ఉంది. ఒకటి వెలిగించాను.

"మెకానిక్ గారు కూడా దేవుడి మీదే బారం ఏసేరు" అన్నాడొక ఫైర్‌మ్యాన్. అందరూ నవ్వారు. డ్రైవరు మాత్రం నిజంగానే దణ్ణం పెట్టాడు.

గాలి లాగించి, ఇంజన్ ఆపించి, అగరొత్తిని ఒక్కొక్క అతుకు దగ్గరా పట్టాను. పొగ తిన్నగా పైకే పోయింది. ఇక మిగిలింది పంపు అడుగు. చక్రాలకి అడ్డాలు పెట్టించి, వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాను. అక్కడ పొగ వంగింది. సన్నటి దారంలా సాగి, సరిగ్గా ఆ కాక్‌లోకి పోయింది. టార్చి వేసి చూస్తే, కాక్ పిడికి నల్లతాడు, తాడుకి గుప్పెడంత పటిక ముక్క! దాని బరువుకి, బండి కుదుపులకి పిడి ఒక పిసరు కిందికి వాలింది.

"బావా, ఈ పటిక ఎవరు కట్టారు?" అని కింద నుంచే అరిచాను.

డ్రైవరు గొంతు వినిపించింది, చాలా నెమ్మదిగా. "నానే. పూజకొచ్చినోళ్లంతా బండి ఎంత బాగున్నాదో అని ఒకటే సూడ్డం. దిష్టి తగులుతాదని కట్టేను. ముందర కడితే ఆఫీసరు గారు తీయించేస్తారు కదా. అందుకే కాక్ మూసే ఉన్నాదని సూసి, దానికే కట్టేను."

నేను బండి కిందే పడుకుని పగలబడి నవ్వాను. నవ్వుతుంటే కళ్లంట నీళ్లొచ్చాయి. తిట్టాలనిపించలేదు. బిడ్డకి దిష్టి తగలకూడదని కట్టిన తాడు బిడ్డ గొంతుకే బిగుసుకుంటే, ఆ తల్లిని ఎవరు తిడతారు?

తాడు విప్పి కాక్ బిగించాను. ముల్లు ఎక్కి, అక్కడే నిలబడింది.

మర్నాడు ఉదయం గెడ్డ వంతెన దగ్గర పైపు నీళ్లలోకి దించారు. పంపు ఒక్కసారి గొంతు సవరించుకుని నీళ్లు అందుకుంది. ధార అవతలి గట్టు తాటిచెట్ల మీద పడింది. ఆఫీసరు గారు "బండి ఉంటుంది" అన్నారు. డ్రైవరు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు. అందరూ వెళ్లాక పటిక ముక్క నా చేతిలో పెట్టి, "దీన్నేటి సేద్దాం?" అన్నాడు. ఇలాంటివి నేను నమ్మను. అయినా బండి వెనక, లాగుడు కొక్కేనికి, ఏ పిడికీ తగలని చోట నేనే కట్టాను. ఆఫీసరు గారు చూస్తే అడగాల్సింది నన్నేనని కూడా చెప్పాను.

తర్వాతి వేసవిలో ఒక మధ్యాహ్నం డ్రైవరు ఫోను వచ్చింది. గొంతు పొగపట్టి బొంగురుగా ఉంది. వెనక ఎవరివో ఆడవాళ్ల మాటలు, కోళ్ల గోల.

"ఒక ఇల్లు పోనాది బావా. మిగతా వరసంతా ఆపేము. సెరువులోంచి లాగేము నీళ్లు." ఒకసారి దగ్గాడు. "గాదె మిగిలినాది బావా. ఇత్తనాలు ఉన్నాయి."

"సరే బావా, ఇంటికెళ్లి అన్నం తిను" అన్నాను.

మర్నాడు విజయనగరం బజారులో ఒక పటిక ముక్క కొన్నాను. బండి కొక్కేనికి కట్టిన పాతది వానలకి కరిగి గోలీకాయంత అయిపోయిందని అంతకుముందు వెళ్లినప్పుడే చూసి పెట్టుకున్నాను.