నిక్కరు వేసుకుని గ్లేసియర్ ఎక్కాను

నన్ను నవ్వించకండి, పెదవి చిట్లుతుంది. మీరెలాగూ నవ్వుతారు, కానివ్వండి. నా మొహం చూశారా? గడ్డం కింద కాలింది. ముక్కు రంధ్రాల లోపల కూడా కాలింది. నిజం! డాక్టర్ టార్చ్ వేసి చూసి "వావ్" అంది. డాక్టర్లు అలా అనకూడదు కదా!

మా ఆవిడ సౌజన్య పెళ్ళయి అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. నేను ఆఫీస్‌కి పోతే సన్నీవేల్ అపార్ట్‌మెంట్‌లో తనొక్కతే. ఉద్యోగానికి వీసా లేదు, డ్రైవింగ్ ఇంకా రాదు. పాపం ఒక్కటే అడిగింది, "ఒక్కసారి మంచు ముట్టుకోవాలండీ" అని. చలికాలమంతా నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజులే. ఈ వీకెండ్, వచ్చే వీకెండ్ అంటుండగానే జూన్ వచ్చేసింది. ఒకరోజు కుక్కర్ మూత పెడుతూ, నా వైపు చూడకుండా, "ఇంక అడగనులెండి" అంది. అరిచినా బాగుండేది.

వెంటనే లాప్‌టాప్ తీశాను. ఒరెగాన్‌లో మౌంట్ హుడ్ మీద ఏడాది పొడుగునా పూర్తిగా కరగని గ్లేసియర్ ఉందట, ఎండాకాలంలో కూడా స్కీయింగ్ జరుగుతుందట! జూలై లాంగ్ వీకెండ్‌కి ఫ్లైట్ బుక్ చేశాను. అక్కడితో నోరు మూసుకోవచ్చు కదా? "ముట్టుకోవడమేంటి, నేను స్కీయింగ్ చేసి చూపిస్తాగా" అన్నాను. నాకున్న అనుభవం ఏంటంటే, రెండేళ్ళ క్రితం టాహో మంచులో ఒక్క పూట, చిన్నపిల్లలు నేర్చుకునే మిట్ట మీద.

పొద్దున ఏడింటికల్లా కొండ దగ్గరున్నాం. పార్కింగ్‌లో ఎండ చురుక్కుమంటోంది. జూలై కదా అని నేను నిక్కరు, టీషర్ట్ వేసుకొచ్చాను. సౌజన్య సన్‌స్క్రీన్ తీసి ఇచ్చింది.

"గుంటూరు ఎండల్లో క్రికెట్ ఆడినవాణ్ణి, నాకిదో లెక్కా?" అన్నాను.

టికెట్ కౌంటర్‌లో అమ్మాయి, సమ్మర్‌లో బిగినర్స్‌కి పైన చోటు లేదని చెప్పి, "ఆర్ యూ కంఫర్టబుల్?" అని అడిగింది. పక్కన పెళ్ళాం నిలబడుంది. ఏమనాలి? "యా, యా!" అన్నాను.

"నువ్విక్కడే ఉండు, అరగంటలో కిందికి దూసుకొస్తా, వీడియో తియ్యి" అని తనని పార్కింగ్ పక్కన మంచు అంచున నిలబెట్టి, నా ఫోన్ కూడా ఇచ్చేసి, అద్దె స్కీలు తగిలించుకుని, తీగకి వేలాడే కుర్చీల లిఫ్ట్ ఎక్కాను. కుర్చీలో నా పక్కన డెబ్బై ఏళ్ళుంటాయేమో, ఒక పెద్దావిడ. నా మోకాళ్ళు చూసింది. నా మొహం చూసింది.

"ఇంత పొద్దున్నే వెళ్తున్నావా? రాత్రంతా గడ్డకట్టి ఇప్పుడు గాజులా ఉంటుంది. తొమ్మిదిన్నర దాకా ఆగితే మెత్తబడుతుంది" అంది.

నేనేమో వెబ్‌సైట్‌లో 'మార్నింగ్ ఫర్మ్' అని చదివి, ఫర్మ్ అంటే గట్టిగా, బాగుంటుంది కాబోలనుకున్నాను! స్టూడెంట్‌గా ఉన్నప్పుడు కొన్న పరుపు కూడా అలాగే చదివి కొన్నాను.

పైన దిగాను. మంచు తెల్లగా ఉంటుందనుకున్నారా? బూడిదరంగులో ఉంది, మధ్యమధ్యలో నల్లరాళ్ళు తేలాయి. మంచు త్వరగా కరక్కుండా గట్టిపడాలని బస్తాలకొద్దీ ఉప్పు చల్లుతున్నారు. వెనక్కి పోదామని తిరగబోయాను. స్కీలు మాత్రం ముందుకే పోయాయి. మూడు సెకన్లు నిలబడ్డాను, ఆ తర్వాతదంతా కూర్చునే! ఐసు మీద నిక్కరుతో జారడమంటే కొబ్బరి కోరాం మీద జారినట్టే. మోకాలు, మోచెయ్యి, ఇంకా మీకు చూపించలేని చోటు, అన్నీ గీరుకుపోయాయి. దాని మీద ఆ ఉప్పు! "అమ్మా!" అని ఒక్క అరుపు అరిచాను. పక్కనుంచి రేస్ ట్రైనింగ్ పిల్లలు సర్రున పోతూ "యూ ఓకే, అంకుల్?" అన్నారు. తలెత్తి చూస్తే మన పిల్లే ఒకతి! పదేళ్ళుంటాయి. "ఓకే అమ్మా" అన్నాను, బోర్లా పడుకునే.

సరే, పెద్దావిడ చెప్పినట్టు మెత్తబడేదాకా ఆగుదామని ఓ పక్కకి జరిగి కూర్చున్నాను. గంటన్నర. పై నుంచి ఎండ, కింద మంచులోంచి ఎండ. కింద పార్కింగ్‌లో కార్లు ఆవాల్లా కనబడుతున్నాయి. ఆ ఆవాల మధ్య ఎక్కడో సౌజన్య. ఎనిమిది నెలలుగా ఒంటరిగా ఉందనే కదా ఇంత దూరం తీసుకొచ్చాను! ఇక్కడికి తెచ్చి మళ్ళీ ఒంటరిగానే నిలబెట్టాను. తను మొదటిసారి మంచు ముట్టుకునేటప్పుడు నేను పక్కన లేను. ఏడుపొచ్చింది. నిజంగానే కాస్త ఏడ్చాను కూడా, గాగుల్స్ ఉన్నాయి కదా అని.

పదింటికి మెత్తబడింది. లేచాను. ఈసారి మరీ మెత్తబడిపోయి, స్కీలు రవ్వకేసరిలో దిగినట్టు దిగబడి అక్కడే ఆగాయి, నేను ఆగలేదు. మొహం ముందుగా పడ్డాను. మోకాలు మెలితిరిగింది. ఇంక లేవలేదు.

కొండ మీద పడ్డవాళ్ళని దించే స్కీ పాట్రోల్ వాళ్ళొచ్చి నన్ను స్ట్రెచర్ లాంటి స్లెడ్‌లో పడుకోబెట్టి, దుప్పట్లు చుట్టి, బెల్టులు బిగించి కిందికి లాక్కొచ్చారు. కొండంతా దిగాను, ఆకాశం చూస్తూ. సౌజన్య పరిగెత్తుకొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఏమైందండీ? కాలు విరిగిందా?"

"బెణికిందంతే. నువ్వు మంచు ముట్టుకున్నావా?"

"లేదు. మీరొచ్చాక కలిసి ముట్టుకుందామని ఆగాను."

మూడు గంటలు! మంచు పక్కనే నిలబడి! తను వంగి రెండు చేతులతో మంచు తీసుకుంది. ఒక్క క్షణం అలా చూసుకుంది. తర్వాత జాగ్రత్తగా నా మోకాలి మీద పెట్టింది.

ఫస్ట్ ఎయిడ్ రూమ్‌లో ఒక ఫారమ్ ఇచ్చారు. నా అరచేతులు గీరుకుపోయాయి కాబట్టి తనే రాయాల్సొచ్చింది. పేరు, అడ్రస్ అన్నీ గుండ్రంగా రాసింది. 'కాజ్ ఆఫ్ యాక్సిడెంట్' అన్న గడి దగ్గర ఆగి నా వైపు చూసింది.

"ఐస్ అని రాయి" అన్నాను.

తను కాసేపు ఆలోచించి 'హస్బెండ్' అని రాసింది.

పాట్రోల్ అతను చదివి, నన్ను ఓసారి ఎగాదిగా చూసి, "అయితే ఇక్కడ సైన్ చెయ్యి" అన్నాడు.

రెండు వేళ్ళతో పెన్ను పట్టుకుని సంతకం పెట్టాను.