ఆరో పేరా

నిన్న సాయంత్రం మా పక్కింటావిడ ప్లాస్టిక్ కవర్లో ఒక ఫైలు పట్టుకుని వచ్చింది. వచ్చే మంగళవారం ఆవిడ కూతురి కేసు వాయిదా. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది తేలాలట. "మీరు ఒకసారి వెళ్లొచ్చారు కదండీ, అక్కడ ఏం అడుగుతారండీ?" అంది. ఆధార్ కార్డు మర్చిపోవద్దనీ, పొద్దున పిలుస్తారో మధ్యాహ్నం పిలుస్తారో తెలియదు గనక కడుపునిండా తిని వెళ్లమనీ చెప్పాను. ఆవిడ తృప్తిగా వెళ్లిపోయింది. అసలు చెప్పవలసింది చెప్పలేదని నాకు తెలుసు.

మాది నూజివీడులో మామిడికాయల కమీషన్ కొట్టు. మావారు పోయాక మా అబ్బాయే చూస్తున్నాడు. సీజన్లో నేనూ వెళ్లి కూర్చుంటాను. కోడలిది చింతలపూడి. బీఈడీ చదివింది, ఉద్యోగం చేస్తానంది. మావాడు వద్దన్నాడు. ఆ మాట మీద మొదలైన తగవు ఎక్కడెక్కడికో పోయి, ఆఖరికి ఆ అమ్మాయి పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్లి, అక్కడే ఒక బడిలో టీచరుగా చేరింది. మరుసటి ఏడు దసరా సెలవులకని మా ఇంటికి వచ్చిన మనవరాలిని మేం తిరిగి పంపలేదు. పంపనన్నది మావాడే అయినా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఇక్కడి బడిలో చేర్పించింది నేనే. అప్పుడు దానికి ఏడేళ్లు. కోడలు కోర్టుకెక్కింది.

మా లాయరుగారు ఆదివారాలు ఇంటికే వచ్చి నాకు సాక్ష్యం చెప్పడం నేర్పేవారు. గొంతు మార్చి, అవతలి లాయరులా అడిగేవారు. "మీ కోడలు పొద్దున్నే ఎన్నింటికి లేచేది?" అంటే, "సీజన్లోనాండీ, మామూలు రోజుల్లోనాండీ?" అనేదాన్ని. "పెద్దమ్మగారూ, ఒక్క మాటలో చెప్పాలండీ" అనేవారాయన తల పట్టుకుని. "ఒక్క మాటలో అంటే... లేచేదండీ" అన్నాను. మావాడు కూడా నవ్వాడు. కోడలు వెళ్లాక మా ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అదే.

మూడో ఆదివారం ఆయన అఫిడవిట్ టైపు చేయించి తెచ్చారు. మంగళవారం నేను సంతకం పెట్టాలి. ఆరో పేరాలో పిల్ల చెంప మీది మచ్చ సంగతి ఉంది. అప్పుడే కోసిన కాయకు తొడిమ దగ్గరి ముచ్చిక విరిస్తే సొన చిమ్ముతుంది. లేత చర్మం మీద పడిందంటే కాలినట్టే పొక్కుతుంది. నాలుగేళ్లప్పుడు మా పిల్లకు అలాగే అయింది. తల్లి ఫోను చూసుకుంటూ పిల్లను కాయల రాశి దగ్గర వదిలేసిందనీ, ఆమె నిర్లక్ష్యం వల్లే ముఖం కాలిందనీ, అది నేను కళ్లారా చూశాననీ రాశారు. మావాడు అలాగే చెప్పాడు, ఎందుకంటే వాడు అలాగే నమ్మాడు.

జరిగింది వేరు. ఆ రోజు కోడలు మొగుడికి తెలియకుండా, నాతో మాత్రం చెప్పి, మైలవరంలో ఏదో పరీక్ష రాయడానికి వెళ్లింది. పిల్ల నా దగ్గర కొట్లో ఉంది. చాట్రాయి నుంచి కాయ తెచ్చిన రైతుతో నేను బేరంలో ఉన్నాను. పిల్ల కొంగు పట్టుకుని లాగుతుంటే, గొడవ చెయ్యకుండా ఉంటుందని చేతికందిన కాయ ఒకటి ఇచ్చాను. అది ముచ్చికను పళ్లతో పీకింది. ఏడుపు విని నేను తిరిగేసరికే, అప్పుడే బస్సు దిగి వస్తున్న కోడలు పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. వెనకే మావాడు వచ్చాడు. పిల్ల తల్లి చంకలో ఉంది గనక తిట్లన్నీ తల్లికే పడ్డాయి. "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్?" అని అరిచాడు. ఆమె నా వంక చూసింది. నేను రైతు వంక చూశాను. పరీక్ష సంగతి బయటపడకూడదని, ఆమె మేలు కోరే ఊరుకున్నానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సోమవారం సాయంత్రం వసారాలో కూర్చుని ఆ కాగితాలు వల్లె వేసుకుంటుంటే మనవరాలు బడి నుంచి వచ్చింది.

"నానమ్మా, నీకు కూడా ఎగ్జామా?"

అవునన్నాను. "అయితే నాకు అప్పజెప్పు" అని కాగితం లాక్కుంది. దానికి తెలుగు కూడబలుక్కుని చదవడం అప్పుడప్పుడే వస్తోంది. వేలు పెట్టి "త...ల్లి... ని...ర్ల...క్ష్యం" అని చదివి, తలెత్తి, "నిర్లక్ష్యం అంటే ఏంటి నానమ్మా?" అంది. అర్థం తెలిసి కూడా చెప్పలేకపోయిన మాట నా జన్మలో అదొక్కటే.

మావాడు కొట్టు నుంచి రాగానే చెప్పేశాను. "ఇప్పుడా అమ్మా చెప్పేది?" అన్నాడు. అరిచినా బాగుండేది. చెప్పులు విప్పుతూ, "పిల్ల లేకుండా నేను ఉండలేనమ్మా" అన్నాడు. నాకు మాత్రం ఉండగలిగే శక్తి ఎక్కడిది? అయినా ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. సాక్షిగా నా పేరు లాయరుగారు తీసేశారు.

వాయిదా రోజు ఏలూరులో, కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే కోడలు తనే దగ్గరికి వచ్చింది. "బాగున్నారా అత్తయ్యా?" అంది. చిక్కిపోయింది. నేను కుశలం కూడా అడగకుండా, "ఆ రోజు కాయ ఇచ్చింది నేనేనని వాడికి చెప్పానమ్మా" అన్నాను.

"నాకు ఆ రోజే తెలుసండీ. పాప చెప్పింది."

"మరి నువ్వెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు చెప్తారని చూశానండీ" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఇంతలో లోపల ఎవరో పేర్లు పిలిచారు.

జడ్జిగారు పిల్లను గదిలోకి పిలిపించుకుని విడిగా మాట్లాడారు. ఏం అడిగారో, అదేం చెప్పిందో ఇప్పటికీ మేం అడగలేదు. పిల్ల తల్లి దగ్గరే ఉండాలనీ, నెలలో రెండు శని, ఆదివారాలు తండ్రి దగ్గరికి పంపాలనీ తీర్పు వచ్చింది. దాన్ని పంపిన రోజు మావాడు కొట్టు వదిలి రాలేదు. ఆ సీజనంతా నేను పెట్టింది తిన్నాడు గాని నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు. కాయల గురించి, కరెంటు గురించి.

ఇదంతా జరిగి రెండేళ్లయింది. పిల్ల వస్తూనే ఉంది. వచ్చినప్పుడు తొడగడానికని రెండు జతల బట్టలు ఇక్కడే ఉంచుతాను. తీసేసరికి పొట్టివైపోయి ఉంటాయి. నెలలో మాకు ఇచ్చినవి నాలుగు రోజులే. పిల్ల మాత్రం ముప్పై రోజులూ పెరుగుతోంది.