పాతరలో ఫట్‌ఫటి

మా అమ్మకు కోపమొస్తే ముందు గిన్నెలు మోగేవి, ఆ తర్వాత మా నాన్న మీద తిట్లు మోగేవి. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయినా ఆమె తిట్లకు మాత్రం బతికే ఉన్నాడు. అన్ని తిట్లకూ మూలం ఒక్కటే, నిజాం మీద పోలీసు యాక్షన్ జరిగిన ఏడు మా ఇంట్లో మాయమైన జొన్నలు.

ఆ గడబిడ రోజుల్లో నాకు ఆరేళ్ళు. ఒకరోజు నాన్న తల పట్టుకుని కూర్చుని, దోపిడీ మూక వచ్చి పాతరలో జొన్నలన్నీ తోడుకుపోయిందని, తన మోటారు సైకిల్ ఫట్‌ఫటిని కూడా తోసుకుపోయిందని అమ్మకు చెప్పాడు. పాతర అంటే మా వైపు గింజలు దాచే గొయ్యి. గట్టి మొరం నేలలో మనిషి నిలబడేంత లోతు తవ్వి, చుట్టూ జొన్న చొప్ప పేర్చి, గింజలు పోసి, పైన తాండూరు బండ మూసి మన్ను మెత్తుతారు. ఏళ్ళ తరబడి గింజ చెడదు. అలాంటి నిండు పాతర ఖాళీ అయిందంటే ఇల్లాలి ప్రాణం ఎలా ఉంటుంది! అమ్మ గోనెసంచి చంకన పెట్టుకుని తాండూరులో ఉన్న తన అన్న ఇంటికి నడిచిపోయింది. మా అత్త, అంటే ఆ అన్న భార్య, గుమ్మంలోనే నిలబెట్టి, “మొగోడున్న ఇల్లు గింజలు కాపాడుకోలేదా?” అని నలుగురి ముందూ అని, అప్పుడు కొలిచి పోసిందట. ఆ మాట అమ్మ గొంతులో ముల్లులా ఉండిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

నాకు మాత్రం జొన్నలకంటే ఫట్‌ఫటి పోయిన బాధే ఎక్కువ. నాన్న బండల గనుల దగ్గర మేస్త్రీ. గని దొర ఒకాయన ఊరొదిలి పోతూ ఇచ్చిపోయిన మోటారు సైకిల్ అది. అప్పటికే పాతది. గేరు మార్చాలంటే ట్యాంకు పక్కన ఉన్న కర్రలాంటి పిడిని చేత్తో లాగాలి. వెనక చక్రాన్ని తిప్పేది గొలుసు కాదు, తోలు పట్టా. నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బంట్వారం దారిలో పోతుంటే ఎడ్లు బెదిరేవి, నేను విరగబడి నవ్వేదాన్ని. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. “గా దయ్యం మీద నేనెక్క,” అనేది. కానీ మేం తిరిగొచ్చేదాకా వాకిట్లోనే ఉండేది.

ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళకు పెద్ద కరువొచ్చింది. నేను వికారాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఆదివారం ఆదివారం ఊరికి వచ్చేదాన్ని. కందులు ఎండిపోయాయి, జొన్న కంకి పాలే పోసుకోలేదు. అప్పుడు అమ్మ చూపు ఆ పాత పాతర మీద పడింది. అది మాకు అచ్చిరాని పాతర. దోపిడీ అయ్యాక నాన్నే దాని మీద పెద్ద బండ మూయించి, మళ్ళీ తెరవొద్దన్నాడు. అమ్మ లెక్క అమ్మది. దోచుకునేవాడు తొందరలో ఉంటాడు, అడుగున ఊడ్చుకుని పోడు, ఎంతో కొంత మిగిలే ఉంటుంది.

బండ లేపడానికి గొర్ల తాతను పిలిచింది. మందలు తోలుకుని బతికే వాడలో పెద్దమనిషి ఆయన, నాన్నకు కుడిభుజం. ఆయన వచ్చి, గొంగడి సర్దుకుంటూ నేల చూపులు చూశాడు.

“దాంట్ల గింజల్లేవు బిడ్డా. ఉత్తగ ఎందుకు కష్టపడుడు?”

“నీకెట్ల ఎరుక మామా? నువ్వేమన్న లోపల పండుకున్నవా?” అంది అమ్మ.

మా అమ్మ నోటికి ఎదురు నిలిచినవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. ఆయన పార తీసుకున్నాడు.

బండ జరిపాక ఎవరూ వెంటనే దిగరు. మూసిన పాతరలో చెడుగాలి ఉంటుంది. తాత తాడుకు లాంతరు కట్టి దింపాడు, సగం లోతులోనే ఆరిపోయింది. చొప్పకట్టతో విసిరి విసిరి గాలి ఆడించి మళ్ళీ దింపితే ఈసారి వెలిగింది. అమ్మ గంప, చేట కడిగి ఎండబెట్టి సిద్ధంగా పెట్టుకుంది. నేను గోచి బిగించి దిగాను. కాలికి చొప్ప తగిలింది. చొప్ప తీస్తే గోనెపట్టా. పట్టా తీస్తే ఇనుము. లాంతరు దగ్గరికి లాక్కుని చూశాను. ట్యాంకు! నేను కూర్చున్న ట్యాంకు! చక్రాలు ఊడదీసి పక్కన పెట్టి ఉన్నాయి.

“ఏముందే? ఎన్ని గంపలైతయ్?” పైనుంచి అమ్మ.

“అమ్మా, ఫట్‌ఫటి ఉన్నది!”

అమ్మ పాతర అంచున వంగి లోపలికి చూసింది. ఇక చూస్కో, మొదలైంది. “తినేటందుకు గింజలేదు గాని ఇనుము దాచిండా? అయ్యో నా రాతా! మూక పట్కపోయిందన్నడు, ఒట్లు వెట్టిండు! మరి బండి ఈడనే ఉంటే నా జొన్నలేడికి పోయినయ్?” చేట విసిరి కొట్టింది. గోడకు తగిలి చట్రం విరిగింది.

ఆ ప్రశ్న నన్నూ పట్టుకుంది. బండి దోపిడీ అబద్ధమైతే జొన్నల దోపిడీ కూడా అబద్ధమే. బండిని దాచడానికి గింజలు తీసేశాడు సరే, నిండు పాతర జొన్నలు ఏం చేశాడు? అమ్ముకున్నాడా? భార్య సంచి పట్టుకుని పరాయి గుమ్మంలో నిలబడితే చూస్తూ ఊరుకున్నాడా? నాకు మా నాన్నంటే ప్రాణం. ఆ రోజు మాత్రం ఆయన మీద ఒళ్ళు మండిపోయింది.

అమ్మ తాత వైపు తిరిగింది. “మామా, నీకు ఎర్కనే. చెప్పు. నా మొగడు మంచోడా, దొంగనా?”

తాత గొంగడి భుజాన వేసుకున్నాడు. “ముందుగాల బండిని మోగనియ్యి బిడ్డా,” అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ఆ మాటకు అర్థమేంటో అప్పుడు మాకు తెలియలేదు.

అమ్మ తీర్పు చెప్పేసింది. వచ్చే నెల మొదటి సంతకు పాత ఇనుము కొనేవాడు తాండూరు నుంచి వస్తాడు, బండిని వాడికి ఇచ్చి గింజలు తెస్తుంది. నేను అడ్డం నిలబడ్డాను. “సంతలోపల నడిపిస్త. నడిస్తే ఉంటది. నడవకపోతే నేనే తోసుకపోయి ఇస్త.” అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “సూదులేసేదానివి, ఇంజన్లేం చేస్తవే?” అంది. మనుషుల్నే లేపుతున్నా, ఇదెంత అన్నాను.

ముక్కల్ని ఎడ్లబండి మీద తాండూరుకు చేర్పించాను. అక్కడ లారీల ఇంజన్లు బాగుచేసే ఉస్తాదు ఒకాయన ఉండేవాడు. బండిని చూడగానే బీడీ పారేశాడు. “యా అల్లా! గిసొంటిది ఫోటోల చూసిన బేటీ, కండ్లతోని ఇదే మొదలు,” అని చుట్టూ తిరిగాడు. కానీ ఇంజను కదల్లేదు. కిక్కు మీద ఆయన నిలబడ్డా కదల్లేదు. పిస్టన్ సిలిండరులో కరుచుకుపోయింది, లోపల తుప్పు పట్టి ఉంటుందని కిరసనాయిలు పోసి వారం నానబెట్టాడు. తర్వాతి ఆదివారం నేను వెళ్ళేసరికి సుత్తె చేతిలో ఉంది.

“ఆగు ఉస్తాద్!” అని అరిచాను. “కొడితే పగులుతది.”

“పగలకుంటే రాదు బేటీ. పరేషాన్ గాకు.”

“పరేషాన్ నీదే, నాది గాదు. జర పక్కకు జరుగు.”

ప్లగ్గు తీసిన రంధ్రంలో ఒక పుల్ల పెట్టి తిప్పి బయటికి తీశాను. పుల్లకు తుప్పు రాలేదు. చిక్కటి తేనెరంగు జిగురు అంటుకుని వచ్చింది. వాసన చూశాను. ఆముదం! నవ్వాగలేదు. మా ఇళ్ళలో ఇనుమైనా, తోలైనా, పసిపిల్ల మాడైనా ఆముదం పెట్టందే ఊరుకోరు. మా నాన్న బండికి కూడా పుట్టిన బిడ్డకు పట్టించినట్టు ఇంజను నిండా ఆముదం పోసి పడుకోబెట్టాడు. అన్నేళ్ళలో అది గడ్డకట్టి బంకైపోయింది. తుప్పు పట్టనివ్వలేదు, కదలనూ ఇవ్వలేదు.

ఆసుపత్రిలో తలకు రాసే మందు కలిపేటప్పుడు ఆముదాన్ని స్పిరిట్‌లో వేస్తాం, చక్కగా కలిసిపోతుంది. కిరసనాయిల్లో కలవమన్నా కలవదు. ఆ సంగతి చెబితే ఉస్తాదు తలపాగా పైకి తోసుకుని, “మరి గీ వారం రోజులు నేనేం చేసినట్టు?” అని నాకంటే గట్టిగా నవ్వాడు. బల్లలకు, కుర్చీలకు మెరుగు పెట్టేవాళ్ళు వాడే స్పిరిట్ బజారులో సీసాలకొద్దీ కొనుక్కొచ్చాం. దాన్ని లోపల పోసి, బయట వేడినీళ్ళలో ముంచిన గుడ్డలు చుట్టి, చల్లారితే మళ్ళీ చుట్టి, సాయంత్రం దాకా అదే పని. పొద్దు వాలే వేళ ఉస్తాదు కిక్కు మీద కాలు వేసి నెమ్మదిగా తొక్కాడు. వేలెడంత కదిలింది. ఇద్దరం కేకేశాం. బజారు బజారంతా మా వైపు చూసింది, చూడనీ!

ఆ తర్వాత పనులన్నీ వరసగా కుదిరాయి. టైర్లు పట్నంలో పాత సామాన్ల అంగడిలో దొరికితే రైల్లో తెప్పించాం. నిప్పురవ్వ పుట్టించే పెట్టెను ఉస్తాదే విప్పి తీగ చుట్టాడు. తోలు పట్టా ఎలుకలు తిన్నట్టు చీకిపోయింది. బావిలో నీళ్ళు తోడే మోటలకు తోలు కుట్టే మనిషి మా ఊళ్ళో ఉన్నాడు, ఆయన బర్రెతోలు రెండు పొరలుగా కుట్టి కొత్త పట్టా ఇచ్చాడు. ఆ కరువులో బావుల్లో నీళ్ళు లేక మోటలు మూలన పడ్డాయి. చేతికి పని తగిలిందని ఆయన సంతోషపడ్డాడు.

సంతకు ముందటి ఆదివారం బండిని మా వాకిట్లోకి తెచ్చాం. గొర్ల తాత తెల్లారకముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాకంటే ఆయనకే తొందరగా ఉంది. అమ్మ చూడనట్టే చూస్తూ, చట్రం విరిగిన ఖాళీ చేటలో ఏదో చెరుగుతోంది. ఉస్తాదు చెప్పినట్టు పెట్రోలు వదిలి, పిడి సవరించి, చీర గోచి బిగించి కిక్కు కొట్టాను. తుస్సుమంది. మళ్ళీ కొట్టాను. తెల్లటి పొగ లేచి ఆముదం మాడిన వాసన ఊరంతా పరుచుకుంది. అందులోనుంచి ఫట్, ఫట్, ఫట్ఫట్ఫట్! నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మా నాన్న వాకిట్లోకి వస్తున్నట్టే అనిపించింది.

తాత అరుగు దిగి అమ్మ ముందుకు వచ్చాడు. గొంగడి తీసి నేలమీద పరిచాడు.

“బిడ్డా, గీ గొంగడి మీద చెయ్యి వెట్టించి ఒట్టేయించుకున్నడు నీ పెనిమిటి. బండి మల్ల మోగినదాక నోరిప్పొద్దన్నడు. ఇయ్యాల మోగింది. ఇగ చెప్త విను. గా యాడాది మూక మా మందల్ని తోలుకపోయింది. వాడల పొయ్యి ముట్టియ్యక మూడ్రోజులాయె. నీ పెనిమిటి బండి దాచనీకి జాగ కావాలని వచ్చిండు, మా పిల్లల్ని చూసిండు. జొన్నలు మాకు పోసిండు, ఖాళీ అయిన పాతరల బండి వెట్టిండు. గా యాడాది మా వాడంత నీ జొన్నలే తిన్నం.”

అమ్మ చేట కింద పెట్టింది.

“మరి నాకెందుకు చెప్పలే?”

“మూకోళ్ళు అడిగితె ఎరుకున్నోళ్ళనే కొడ్తరని అప్పుడు చెప్పలే. తర్వాత నువ్వు సంచి పట్కొని మీ అన్న ఇంటికి పోయినవని తెలిసి మా గుడిసె ముంగట కూసొని ఏడ్చిండు. బండి తీస్తే జొన్నల ముచ్చట బయటపడ్తది, నీ ముఖమెట్ల చూడాలె అన్నడు. మంచిరోజు చూసి తీస్త, ఆమెను ఎక్కించుకొని చెప్త అనుకుంటనే పోయిండు.”

నాకు తెలిసిన మా అమ్మ అయితే గిన్నెలన్నీ విసరాలి. విసరలేదు. “పిచ్చోడా,” అంది బండి వైపు చూసి. “నాకు చెప్తే నేనే కొలిచి పోస్తుంటి గదా. నేనొద్దంటనా?” ఆ మాట తాతతో అన్నది కాదు. కొంగుతో ముఖం తుడుచుకుని, గోచి పెట్టుకుని, వచ్చి నా వెనకున్న ఇనుప చట్రం మీద గోనెసంచి మడిచి వేసి కూర్చుంది.

“పోనియ్యి.”

“యాడికమ్మా?”

“మా అన్న ఇంటికి. బండి ఆపకు. ఆపితే మల్ల మోగుతదో లేదో.”

ఉస్తాదు నేర్పినట్టు పిడి లాగి బండిని కదిలించాను. దారంతా అమ్మ నా నడుము గట్టిగా పట్టుకుంది. తాండూరులో ఆ గుమ్మం ముందు ఆపాను కానీ ఇంజను ఆపలేదు. చప్పుడుకు వీధి వీధంతా బయటికొచ్చింది. మా అత్త కళ్ళు చికిలించి చూసి, వెనకున్న అమ్మను గుర్తుపట్టి, కింద గోనెసంచిని కూడా చూసింది.

“ఏందే, కరువొచ్చిందని మల్ల జొన్నలకొచ్చినవా?”

“జొన్నలకు రాలే వదినా!” ఫట్‌ఫటి చప్పుడులో వినబడదని అమ్మ గొంతెత్తి అరిచింది. “గా యాడాది నా జొన్నలెటు పోయినయో చెప్పిపోదామని వచ్చిన!”

బండి దిగకుండానే మొత్తం చెప్పింది. ఇంజను మోగుతున్నంతసేపూ అరిచే చెప్పింది కాబట్టి అత్త ఒక్కతే కాదు, ఆ వీధిలో ప్రతి గుమ్మమూ విన్నది.