ముప్పై ఒక్క సహీలు

మధ్యాహ్నం రెండున్నరకి రాహేలు కిటికీ రెక్కలు మూసి, ఆ రోజుకి మూడోసారి బల్ల తుడిచింది. తెరిచి ఉంచితే పేపరు మీద ఎర్రదుమ్ము పేరుకుని అక్షరం కనబడదు. మూస్తే ఊపిరాడదు. మైనింగుతో బళ్ళారి బాగుపడిపోతోందని ఆ పేపర్లే రాస్తున్న రోజులవి, రెండువేల ఏడు. బాగు ఎవరి ఇంటికి పోయిందో గాని, దుమ్ము మాత్రం మిషన్ కాంపౌండు వెనక వీధికి తప్పకుండా వచ్చేది.

ఆ గదికి పెద్ద చరిత్రేమీ లేదు. మొదట పత్తి గోదాము. తర్వాత ఇరవై ఏళ్ళు రేషన్ డిపో. డిపో ఎత్తేశాక ఇప్పటి ఇంటాయన హంపన్న వాళ్ళ తండ్రి దాన్ని గ్రంథాలయానికి అద్దెకిచ్చాడు. బోర్డు మీద శాఖా గ్రంథాలయం అని ఉంది గాని వీధిలో దాని పేరు పేపర్‌రూము. నీళ్ళ ట్యాంకరు ఎన్ని గంటలకు వస్తుందో దాని తలుపు మీదే సుద్దతో రాసేవాళ్ళు. ఇల్లు దొరకని ఉత్తరాలు పోస్ట్‌మన్ అక్కడే పడేసి పోయేవాడు. ఓటరు కార్డుకీ, వితంతు పెన్షనుకీ, పోయిన రేషన్ కార్డుకీ అర్జీలు అక్కడే పుట్టేవి. గ్రంథాలయం విజ్ఞానదీపమని ఏటా ఒకరోజు ఎవరో ఒకరు వచ్చి మాట్లాడిపోయేవారు. ఆ దీపం కింద మాడిపోయిన ట్యూబ్‌లైటు మార్చడానికి రాహేలు ఏడాదిన్నరగా అర్జీలు పెడుతూనే ఉంది.

ఆమె ఊడ్చే పనికి చేరిన మనిషి. మిషన్ బడిలో పదో తరగతి దాకా చదివింది. ఆరేళ్ళ కిందట లైబ్రేరియన్‌కి బదిలీ అయింది, బదులు ఎవరూ రాలేదు. అప్పట్నుంచి ఊడ్చేదీ ఆమే, పుస్తకాలిచ్చేదీ ఆమే. దోణిమలై గని క్యాంటీన్లో పనిచేసే భర్త కెన్నెత్ వారానికోసారి ఇంటికొచ్చి, "ఇద్దరి పని చేస్తావు, ఒక్కరి మాదిరి అన్నా కూచోవు గదే" అని నవ్వేవాడు. ఆమెకు యాభై నాలుగు. మోకాళ్ళకు అంతకంటే ఎక్కువ.

మూడింటికి ఆడవాళ్ళు వచ్చేవారు. వాషింగ్ యూనిట్ల నుంచి జీన్స్ ప్యాంట్ల మూటలు తెచ్చి, నేల మీద కూచుని, కుట్ల కొసన వేలాడే దారాలు కత్తిరించేవారు. ఇంట్లో చేసినా అదే కూలి. ఇక్కడైతే రాహేలు పేపరు చదివి వినిపిస్తుంది. ముప్పై ఒక్క మంది. ఒక్కరికీ చదువు రాదు. వచ్చిన వెంటనే ప్రతి మనిషీ బల్ల దగ్గర ఆగి, నీలం అంటిన బొటనవేలు స్టాంపు ప్యాడ్‌కి నొక్కి, రిజిస్టర్లో ముద్ర వేసి కూచునేది. ఎవరూ చెప్పలేదు. డిపో కాలంలో ఆ గది గడప దాటితే వేలు పెట్టాల్సిందే, ఆ అలవాటు పోలేదు. వచ్చినవాళ్ళందరి గుర్తూ రిజిస్టర్లో ఉండాలన్నది పాత లైబ్రేరియన్ మాట గనక రాహేలు కూడా వద్దనలేదు.

ఆ వేలిముద్రలే కొంప ముంచాయి.

ఆ గది హంపన్నకు కావాల్సి వచ్చింది. లారీ ఓనర్ల ఆఫీసు పెడతాడట. గ్రంథాలయాన్ని హైవే అవతల వార్డాఫీసు మేడ మీదికి పంపమని పై ఆఫీసుకి రాసుకున్నాడు. అదే విషయం చూడ్డానికి దేవరాజ్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చి, రిజిస్టరు తెరిచి, పేజీ నిండా బొటనవేలి ముద్రలు చూసి, కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఏనమ్మా ఇది? అన్నీ హెబ్బెట్లు!"

"దినామూ వచ్చేటోళ్ళే సార్. ముప్పై ఒక్క మంది."

"లైబ్రరీకి హెబ్బెట్టోళ్ళు ఏమిటికి వస్తారమ్మా?"

"పేపరు వినేదానికి."

"వినేటోళ్ళకి రేడియో ఉండాది. మాకు చదివేటోళ్ళు కావల్ల." ఆయన వేలితో కిందికి లెక్కపెట్టుకుంటూ పోయాడు. "సహీ పెట్టింది ఇరవై రెండు మంది. దినానికి యాభై ఉంటేనే గది నిలుస్తాది. నెల తర్వాత మల్లా వస్తా. హెబ్బెట్లు లెక్కలోకి రావు, చెప్తాండా."

గుమ్మంలో నిలబడ్డ హంపన్న చెడ్డ మనిషి కాడు. తొందరలో ఉన్న మనిషి. "నీకేం పోతాదక్కా? నీ పని నీతో వస్తాది. ఆడ ఫ్యాను గూడా ఉండాది" అన్నాడు.

నిజమే. పని పోదు. రాహేలు ఆ ఫ్యాను సంగతి రెండు రోజులు గట్టిగానే ఆలోచించింది. హైవే మీద ఖనిజం లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతాయి. నెత్తిన మూటలతో ఆడవాళ్ళు దాటలేరు, మెట్లెక్కి అసలే రారు. అంటే అక్కడ ఆమెకు పని ఉండదు, జీతం ఉంటుంది. వద్దనుకోవడానికి త్యాగం లాంటి కారణమేమీ లేదు. ఆరేళ్ళుగా పదిమందికి చదివీ చదివీ, ఒంటరిగా పేపరు పడితే రెండో పేరాకే ఆమెకు నిద్రొస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక మేడగదిలో మెలకువగా ఎలా ఉండాలో ఆమెకు తెలియలేదు.

మూడో రోజు పలకలు కొనుక్కొచ్చింది. నాలుగు మధ్యాహ్నాలు పేపరు పక్కన పెట్టి పేర్లు దిద్దించింది. అక్షరాస్యత పాటలు రాసేవాళ్ళు చూడాల్సిన నాలుగు మధ్యాహ్నాలు. పక్కీరమ్మ తన పేరులో ఒత్తు దగ్గరే ఆగిపోయి, పలకను మూట కిందికి తోసేసింది.

"యాభై ఏళ్ళు బతికితి, ఈ ఒత్తు లేకుండానే! నా కత్తెర ఆగిపాయ. నాలుగు దినాలాయ, ఎనిమిది ప్యాంట్లు గూడా కాలేదు."

"కుడతిని పవర్ ప్లాంటు గేటు కాడ మనుషుల్ని తీసుకుంటాండారంట గదా, ఆ సుద్ది పేపర్లో ఏమొచ్చెనో" అంది దేవక్క. వాళ్ళలో పెద్దది, నోరున్నదీ ఆమే. "నా అల్లుడు దినామూ అడగతాండాడు. నువ్వేమో మాకు అ ఆ చెప్తాండావు. రాహేలక్కా, మా రేషన్ అర్జీ రాసిందెవరు?"

"నేనే."

"నా పెన్షను అర్జీ?"

"నేనే."

"అట్లయితే మా సహీ గూడా నువ్వే పెట్టు. అడిగితే మేమే పెట్టినామంటాం. ముగిసిపాయె."

"దొంగ సంతకమక్కా అది. తెలిస్తే నన్ను ఇంటికి పంపుతారు."

"దొంగది ఎట్లయితాది? మనిషి ఈడ కూచోనుంటే!"

ఆదివారం చర్చిలో అయితే అది పాపమేనేమో గాని ఆ గదిలో కాదు. రాహేలు కలం తీసింది. ముప్పై ఒక్క పేర్లూ ఒకే చేతిరాతలో పడితే గుడ్డివాడైనా పట్టేస్తాడు. కాబట్టి ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉండాలి.

అప్పుడు మొదలైంది గోల.

"నాది కన్నడంలో పెట్టక్కా. సర్కారు కన్నడది. జల్దీ పని అయితాది" అంది దేవక్క.

"నాది పెద్దగా పెట్టు. నా ఒళ్ళంత ఉండల్ల."

"అంత జాగా ఈ పేజీలో యాడుండాది పక్కీరమ్మా!"

"నాది వంకరగా ఉండనీ. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చినా, తొందరలో ఉండా" అని వెనకనుంచి మహాదేవి అరిచింది. ఇరవై దాటని పిల్ల. "కింద గీత గూడా గీయి, ఆఫీసరు మాదిరి."

"దీనికి గీత గూడానంట! మొగుడు ఒక గీత గీస్తే ఇంట్లో ఆగదు, సహీకి గీత కావల్ల దీనికి!"

గదంతా నవ్వింది. కత్తెరలు మళ్ళీ కదిలాయి. రాహేలు కొందరికి ఎడమచేత్తో పెట్టింది, కొందరికి కలం మార్చింది. తన సహీ ఎలా వచ్చిందో చూసుకోవడానికి అందరూ లేచి వచ్చారు. చదవలేరు గాని నచ్చిందో లేదో చెప్పగలరు. ఒకామె తన పేరు మరీ పొట్టిగా ఉందని చిన్నబుచ్చుకుంది.

నెలకి దేవరాజ్ వచ్చాడు. పేజీలు తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగి, నేల మీద కత్తెరలు ఆపి కూచున్న ఆడవాళ్ళను చూశాడు, రాహేలు వేళ్ళకు అంటిన రెండు రంగుల సిరాను చూశాడు.

"నెలలో అందరూ చదువు నేర్చినారా?"

"మేమే పెట్టినాం సార్" అంది దేవక్క, ఎవరూ అడగకముందే.

ఆయనకు ఆ రోజు ఇంకా నాలుగు శాఖలున్నాయి. బయట జీపు మీద అప్పుడే వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. "యాభై మూడు" అని రాసుకుని కింద తన సహీ పెట్టాడు. "గది ఉంటాది. మూడు నెలలకొకసారి చూస్తాంటాం. ఏ ఒక్క దినమూ యాభైకి తగ్గరాదు, చూడు."

మూడో రోజు హంపన్న అద్దె రసీదుకి వచ్చి, "మన వీధిలో ఇంతమంది చదువుకున్నోళ్ళు ఉండారని నాకు తెలీకపాయె" అని నిష్ఠూరమాడి, లారీ ఆఫీసుకి పక్క సందులో వేరే గది చూసుకున్నాడు.

గది నిలిచింది. పండగేమీ జరగలేదు. ఇంతకుముందు వేలిముద్రలు రెండు నిమిషాల్లో అయిపోయేవి. ముప్పై ఒక్క సహీలు, ఎవరివి వాళ్ళవిగా, నిన్నటితో కలిసేలా పెట్టాలంటే ముప్పావుగంట. నాలుగున్నరకి ఆడవాళ్ళు మూటలు కట్టి లేవాలి, ట్యాంకరు వస్తుంది. వాళ్ళు పోయాక పెడదామంటే, మనిషి లేనప్పుడు పెడితేనే దొంగ సహీ అంటుంది దేవక్క. అంతకుముందు పేపరు చివరి పేజీ దాకా, ధరల పట్టీతో సహా వినేవారు. ఇప్పుడు రెండో పేజీ దాటడం లేదు. కొన్నిరోజులు మొదటి పేజీ కూడా అరకొరే. మరునాటికి అది పాత పేపరు. పాతది ఎవరికీ వద్దు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం గాలి లేదు. హైవే మీద లారీ బోల్తాపడిన వార్త మొదటి పేజీలో ఉంది. రెండు లైన్లు చదవగానే గడియారం చూసి రాహేలు పేపరు మడిచి, రిజిస్టరు ముందుకు లాక్కుంది. పన్నెండు సహీలయ్యేసరికి కుడిచేతి వేళ్ళు పట్టేశాయి. ఒకసారి విదిలించి మళ్ళీ కలం పట్టుకుంది.

"అక్కా, క్లీనరు బతికినాడా లేదా? అది చెప్పి రాసుకో" అంది దేవక్క, ప్యాంటు లోపలివైపు తిప్పుతూ.

"ఉండక్కా. ఇంకా పంతొమ్మిది మంది ఉండారు."